పుస్తకము ముందు, మెత్త తరువాత

వస్తువును చేయుట యొక విద్య. చేసిన వస్తువును చెడకుండ గమ్యము చేర్చుట మఱియొక విద్య. మొదటి విద్యను లోకము మెచ్చుకొనును. రెండవ దానిని గూర్చి తలచువారు తక్కువ. కుమ్మరి చేసిన కుండను చేతితో తట్టి చూచి కొందుము గాని, ఆ కుండ సంతకు పగులకుండ వచ్చుటకై బండిలో పఱచిన వరిగడ్డిని ఎవ్వరును తలపరు. మామిడిపండ్ల తీపిని పొగడుదుము గాని, గంపలో వాని నడుమ పెట్టిన ఎండుగడ్డిని పొగడము. కుండ పగిలినప్పుడును, పండు కమిలినప్పుడును మాత్రమే గడ్డి చాలలేదని జ్ఞాపకము వచ్చును.

నేడు సరకులు పూర్వముకంటె మిక్కిలి దూరము ప్రయాణము చేయుచున్నవి. మందు సీసా, గాజు దీపము, పింగాణీ గిన్నె, పాఠ్యపుస్తకము - అన్నియు అట్టపెట్టెలలో ఊరూరికి వచ్చుచున్నవి. అట్టి పెట్టెను విప్పినప్పుడు వస్తువు చుట్టును ముడతలు ముడతలుగా నలిగిన గోధుమరంగు కాగితము కనబడుట నేటి విద్యార్థులకు క్రొత్త గాదు. దానిని లాగి మూలకు విసరివేసి లోని వస్తువును తీసికొందురు. ఆ కాగితము చేతితో నలిపినది కాదు. దానిని అట్లు నలుపుటకే ప్రత్యేకముగా యంత్రములు కలవు. ఆ యంత్రము లెట్లు పనిచేయునో, వానివలన మేలెంతయో, మనవంటి వారికి వానితో గల సంబంధ మేమో విచారించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

నా యభిప్రాయమును ముందే చెప్పుట మంచిది. ఆ యంత్రము మంచిదే. కాని కాగితమున కొక వరుస కలదు: మొదట చదువుట, పిదప వ్రాయుట, ఆ పిదప కాచుట, తుదకు కరగి మరల కాగితమగుట. ఈ వరుసను పాటించు యంత్రము లోకమునకు ఉపకారి. ఈ వరుసను త్రోసివేసి క్రొత్త కాగితమును నేరుగా చెత్తబుట్టకు పంపు యంత్రము, ప్లాస్టిక్కును తప్పించినను, నిండు మెప్పునకు తగదు.

కాగితమును మెత్తగా నలుపుటయే అపచారమని తలచు పెద్దలు మనలో నున్నారు. కాలికి కాగితము తగిలినచో తీసి కన్నుల కద్దుకొను సంప్రదాయము మనది. కాగితము సరస్వతి యని చిన్ననాట విన్నవారు, దానిని సీసాల నడుమ క్రుక్కుట చూచి నొచ్చుకొనుట సహజమే. ఆ గౌరవభావమును నేను తేలికగా త్రోసివేయను. అయినను చరిత్ర మనకొక వింతను చెప్పుచున్నది. చైనాదేశమున క్రీ. పూ. 2వ శతాబ్ది నాటికే కంచు అద్దముల వంటి సున్నితమైన వస్తువులను చుట్టి కాపాడుటకు కాగితమును వాడిరని పరిశోధకులు చెప్పుచున్నారు. క్రీ. శ. 105లో త్సాయ్ లున్ అను నధికారి కాగితము చేయు పద్ధతిని చక్కదిద్దినట్లు చైనా చరిత్రలు వ్రాయుచున్నవి. వ్రాతకు కాగితము విరివిగా వచ్చినది ఆ తరువాతనే. అనగా కాగితము సరస్వతికి పీఠమగుటకు ముందే అద్దమునకు పరుపై యుండెను. కనుక కాచుట కాగితమునకు నీచవృత్తి గాదు. వ్యర్థము చేయుటయే అపచారము.

మెత్త వస్తువు నెట్లు కాచునో తెలిసికొనుటకు గొప్ప యంత్రములు అక్కఱలేదు; ఉన్నత పాఠశాలలో చదువు బలగతి శాస్త్రమే చాలును. ఒక మీటరు ఎత్తునుండి పడిన వస్తువు నేలను తాకు సమయమున సెకనుకు ఇంచుమించు 4.4 మీటర్ల వేగముతో నుండును. ఆ వేగము సున్న కావలెను. అది ఎంత దూరములో సున్న అగుననునదే ప్రశ్న. గట్టి నేలపై ఒక మిల్లీమీటరులో ఆగినచో, ఆ వస్తువుపై కలుగు సగటు బలము దాని బరువునకు ఇంచుమించు వేయి రెట్లుండును. అదే వస్తువు మెత్తపై బడి రెండు సెంటీమీటర్లు క్రుంగి ఆగినచో, ఆ బలము ఏబది రెట్లకు తగ్గును. ఎత్తును ఆగిన దూరముచే భాగించిన చాలును, లెక్క తేలును. మెత్త చేయు పని ఇంతియే: ఆగుటకు కొంత దూరము నిచ్చును, కొంత కాలము నిచ్చును. పరుగెత్తుచున్న బండిని ఒక్కసారిగా గోడకు కొట్టి ఆపుటకును, కళ్ళెము మెల్లగా లాగి ఆపుటకును గల భేదమే ఇది.

నలిగిన కాగితమున కీ శక్తి ఎక్కడిది? చదునైన కాగితమును నిలువబెట్టిన వంగిపోవును. దానినే నలిపి ఉండ చేసినచో, ఎంత గట్టిగా నొక్కినను లోపల అధికభాగము గాలియే మిగులును. నలిగినచోటెల్ల చిన్న చిన్న గట్లు ఏర్పడును. ఆ గట్లు ఒకదాని నొకటి తన్నిపట్టుకొని నిలుచును. దెబ్బ తగిలినప్పుడు గట్లు ఒక్కొక్కటిగా వంగుచు, విఱుగుచు, దెబ్బలోని శక్తిని తాము భరించును. అందుచేతనే గట్టి దెబ్బ తిన్న కాగితపు మెత్త మునుపటివలె తిరిగి పొంగదు. రబ్బరువలె ఎగురదు. తాను చితికి వస్తువును కాచుటయే దాని పద్ధతి.

ఈ మర్మమును మనుష్యులు క్రమక్రమముగా గ్రహించిరి. 1856లో ఇంగ్లండులో హీలీ, ఆలెన్ అను నిరువురు కాగితమును ముడతలు పెట్టి, ఎత్తైన టోపీలకు లోపలి పట్టీగా వాడుటకు హక్కుపత్రమును పొందిరి. 1871లో న్యూయార్కు నగరవాసి ఆల్బర్ట్ జోన్సు ఆ ముడతల కాగితమునే సీసాలకును, దీపపు చిమ్నీలకును చుట్టవచ్చునని కనుగొనెను. 1874లో ఆలివర్ లాంగ్ ఆ ముడతలకు చదునైన కాగితమును అంటించి నిలుకడ కల్పించెను. నేటి అట్టపెట్టెకు మూలమదియే. జర్మను రసాయనజ్ఞుడు కార్ల్ దాల్ 1879లో కనుగొన్న పద్ధతిచే కఱ్ఱనుండి మిక్కిలి బలమైన గుజ్జు తీయుట సాధ్యమయ్యెను. దానితో చేసిన కాగితమునకు క్రాఫ్టు కాగితమని పేరు. జర్మను భాషలో క్రాఫ్టు అనగా బలము. మనము పుస్తకములకు అట్టలు వేసికొను గోధుమరంగు కాగిత మీ జాతిదే.

గ్రుడ్ల చరిత్రయు చెప్పదగినది. 1911లో కెనడా దేశమున, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రములో, జోసెఫ్ కాయిల్ అను పత్రికాధిపతి యుండెను. పగిలిన గ్రుడ్లను గూర్చి ఒక రైతునకును ఒక హోటలు యజమానికిని కలిగిన తగవు విని, ఆయన ప్రతి గ్రుడ్డునకు వేఱు వేఱు గది గల కాగితపు పెట్టెను కల్పించెను. నేడు మన యూరి దుకాణములో ముప్పది గ్రుడ్లు పట్టు బూడిదరంగు అట్టను చూడుడు. అది పాత కాగితమును నీటిలో నానవేసి గుజ్జు చేసి, సన్నని జల్లెడ గల అచ్చుపై నీటిని పీల్చివేసి, ఆరబెట్టి చేసినది. కాగితము కాచు పనిలో ఇంతకంటె నిరాడంబరమైన దృష్టాంతము లేదు.

ఇరువదవ శతాబ్ది నడుమ ప్లాస్టిక్కు వచ్చెను. 1957లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షావాన్ అను నిరువురు గోడల కంటించు అలంకారపు పొర చేయబోగా, గాలి బుడగల పొర తయారయ్యెను. గోడలకు అది పనికిరాలేదు. 1960లో స్థాపింపబడిన సీల్డ్ ఎయిర్ సంస్థ దానిని వస్తువుల రక్షణకు అమ్మెను, ఐ.బి.ఎం. వారు తమ 1401 అను గణన యంత్రమును పంపుటకు దానిని వాడిరి. తేలికయైనది, నీటికి చెడనిది, చవుకయైనది. కనుక లోకమంతట వ్యాపించెను. కాని దాని పని ముగిసిన పిదప దానికి చావు లేదు. కాలువలలోను, పొలములలోను, పశువుల కడుపులలోను మిగిలిపోవుచున్నది. ఈ దోషము వలననే కాగితము వైపు చూపు మరల మళ్ళినది.

ఇక యంత్రమును వర్ణింతును. 1972లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున స్థాపింపబడిన రాన్‌పాక్ అను సంస్థ ఇట్టి యంత్రములకు పేరు గన్నది. నేడు పలు దేశములలో పలువురు చేయుచున్నారు. యంత్రమునకు వెనుక క్రాఫ్టు కాగితపు చుట్టయైనను, విసనకఱ్ఱ మడతలుగా మడచిన కట్టయైనను ఉండును. ఒక పొరగాని, రెండు మూడు పొరలుగాని కాగితము గరాటు వంటి మార్గములోనికి పోవును. అచ్చట దాని అంచులు రెండును లోపలికి చుట్టుకొని, రెండు ప్రక్కల రెండు దిండ్లవలె ఉబ్బును. ముందు ఒకదాని నొకటి కఱచుకొను రెండు పళ్ళచక్రములుండును. విద్యుత్తుచే తిరుగు ఆ చక్రములు కాగితమును లాగుకొనుచు, నడిమి భాగమును నొక్కి, కుట్టు వేసినట్లు పొరలను కలుపును. కనుక ఉబ్బిన అంచులు విప్పుకొనవు. తుదకు కత్తి దిగి కావలసిన పొడవునకు త్రుంచును. పనివాడు కాలితో మీట త్రొక్కినను, బొత్తాము నొక్కినను, కావలసినంత మెత్త క్షణములలో వచ్చును. ఖాళీలను నింపుటకు మాత్రమే వాడు తేలికపాటి యంత్రములు కాగితమును ఊరక నలిపి చాంతాడువలె వదలును. మఱికొన్ని యంత్రములు చీలికలు కోసిన కాగితమును సాగదీయగా అది తేనెపట్టువలె గదులుగదులుగా లేచును.

ఈ యంత్రమున నాకు నచ్చిన గుణములు మూడు. మొదటిది స్థలము. గాలి బుడగల పొరను తెచ్చి నిలువ చేసినచో గది యంతయు గాలితో నిండును. కాగితపు చుట్ట మూలలో నిలిచి, అక్కఱపడినప్పుడే ఉబ్బును. రెండవది కొలత. వస్తువునకు తగిన పొడవు మాత్రమే త్రుంచుకొనవచ్చును. మూడవది ముగింపు. వాడిన పిదప అది పాత కాగితముతో కలియును. కలియకున్నను మట్టిలో నశించును.

ప్రభుత్వములును, వర్తక సంస్థలును ఈ దారినే పట్టుచున్నవి. భారత ప్రభుత్వము 2021 ఆగస్టులో ప్రకటించిన నిబంధనలచే, 2022 జులై 1వ తేదీనుండి ఒకసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్కు వస్తువులు కొన్ని నిషేధింపబడినవి. మిఠాయి పెట్టెలకును, ఆహ్వాన పత్రికలకును చుట్టు పలుచని పొర ఆ జాబితాలో నున్నది. సరకుల రక్షణకు వాడు బుడగల పొర అందులో లేదు. అమెజాన్ సంస్థ ఉత్తర అమెరికాలో తాము వాడు ప్లాస్టిక్కు గాలిదిండ్లలో నూటికి 95 వంతులను తొలగించి కాగితమును వాడుచున్నట్లు 2024 జూనులో ప్రకటించెను. ఇది చిన్న మార్పు గాదు.

అయినను ఒక వస్తువు చెడ్డదైనంత మాత్రమున దానికి బదులుగా వచ్చినదెల్ల నిర్దోషమని తలచుట తొందరపాటు. కాగితమునకును ఖరీదు కలదు. మొదటిది బరువు. అంతే చోటును నింపుటకు గాలిదిండు కంటె కాగితము ఎక్కువ బరువు తూగును; బరువు పెరిగినకొలది బండికి ఇంధనము పెరుగును. రెండవది తేమ. కాగితపు పోగులను కలిపి పట్టియుంచు బంధములు నీటివలన సడలును. వానకాలమున చెమ్మగిల్లిన కాగితపు మెత్త తడిసిన విస్తరివలె క్రుంగిపోవును. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: క్రొత్త కాగితమునకు చెట్టు కావలెను, నీరు కావలెను, నిప్పు కావలెను.

ఈ మూడవ విషయము మనకు దూరపు వార్త గాదు. రాయగడ చెంత జేకేపూరులో 1962లో కాగితపు కర్మాగారము వెలసెను. వ్రాతకాగితము, అచ్చుకాగితము అచ్చట తయారగుచున్నవి. జామాయిలు, సరుగుడు, సుబాబులు చెట్ల కఱ్ఱను నింపుకొని పోవు లారీలను చూడని బాలుడు ఈ సీమలో లేడు. ఆ చెట్లను ఒడిశాలోను, ఆంధ్రదేశమునను రైతులు పొలములలో పెంచుచున్నారు. వారి కది జీవనాధారము. కాగితము వలదని నేననను. అనిన నా తోటివారి అన్నమునకు అడ్డుపడినట్లగును. కాని నాటిన చెట్టు కోతకు వచ్చుటకు ఏండ్లు పట్టును. యంత్రము దానిని నలుపుటకు క్షణము పట్టును. మనము దానిని మూలకు విసరుటకు అంతకంటె తక్కువ పట్టును. ఈ మూడు కాలములను ఒకచోట నిలిపి చూచినప్పుడే ఖరీదు తెలియును.

విద్యార్థులు లెక్క వేసికొనుటకు ఒక చిన్న ఉదాహరణము చెప్పెదను. పదియేడు సెంటీమీటర్ల వెడల్పు, ఇరువది యేడు సెంటీమీటర్ల పొడవు గల వ్రాతపుస్తకములో నూఱు ఆకులున్నవనుకొందము. ఒక ఆకు వైశాల్యము 459 చదరపు సెంటీమీటర్లు. నూఱు ఆకులకు ఇంచుమించు నాలుగున్నర చదరపు మీటర్లు. యంత్రములోని కాగితపు చుట్ట 75 సెంటీమీటర్ల వెడల్పుగలదైనచో, ఆఱు మీటర్ల కాగితము లాగిన అదే వైశాల్యము వచ్చును. ఒకే పొరగా పోయినచో ఆఱు మీటర్లు, మూడు పొరలుగా పోయినచో రెండు మీటర్లు. రెండు పెద్ద పెట్టెలలో ఖాళీలు నింపుటకు అది ఎక్కువ కాదు. అనగా మీట నొకమారు అనాలోచితముగా త్రొక్కినప్పుడెల్ల ఒక వ్రాతపుస్తకమంత కాగితము నలిగిపోవచ్చును. చిన్న వస్తువును పెద్ద పెట్టెలో పెట్టి మిగిలిన చోటును కాగితముతో నింపు అలవాటు నేటి వర్తకమున తఱుచుగా కనబడుచున్నది. అచ్చట కాగితము కాచునది వస్తువును గాదు, పెట్టెను తగిన కొలతలో ఎన్నుకొనని వాని సోమరితనమును.

కనుకనే వరుస కావలెనని నేననుట. ఈ వరుసను పాటించు యంత్రములును కలవు. వాడిన అట్టపెట్టెను నోటికి అందించినచో దానికి వరుసగా చీలికలు కోసి, వలవలె సాగు మెత్తగా మార్చు యంత్రములను కొన్ని గిడ్డంగులలో వాడుచున్నారు. సరకు తెచ్చిన పెట్టెయే మరల సరకును కాచును. క్రొత్త కాగితము ఒక్క ఆకైనను అక్కఱలేదు. గ్రుడ్ల అట్టను గూర్చి ముందే చెప్పితిని. కాగితపు పోగు గుజ్జైనప్పుడెల్ల కొంత కుఱచయగును. అయిదాఱు మార్లు అట్లు జరిగిన పిదప వ్రాతకాగితమునకు పనికిరాదు. అట్టి ముదుసలి పోగునకు గ్రుడ్ల అట్ట తగిన ఉద్యోగము. యౌవనములో నున్న బలమైన పోగును మొదటిరోజుననే ఆ ఉద్యోగమునకు పంపుట ఏమి న్యాయము?

వర్తకుడు దీనికి సమాధానము చెప్పును. పాత కాగితము శుభ్రముగా నుండదు, సిరా అంటును, ఒకచోట బలముగ, ఒకచోట బలహీనముగ నుండును, నమ్మి మందు సీసాను ఎట్లు పంపుదుననును. అతని మాటలో సత్యము కలదు. ఆహారమునకు అచ్చు కాగితము తగిలించుట ఆరోగ్యమునకు మంచిది కాదని మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2016లో హెచ్చరించినది. మందులకును, సున్నితమైన పరికరములకును, శుభ్రమైన క్రొత్త కాగితమే వాడవలెను. కాని పింగాణీ గిన్నెకును, ఇనుప మేకుల పెట్టెకును, చెప్పుల జతకును ఆ నియమ మేల? మందు సీసాకు చెల్లు నియమమును చెప్పుల జతకును చెల్లించుట జాగ్రత్త గాదు, అలవాటు.

ఇంతవఱకు చెప్పినది లోకమున కంతటికి చెందును. ఇక మనకే ప్రత్యేకముగా చెందు మాట చెప్పవలసియున్నది.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా వేఱు రాష్ట్రమైనప్పుడు విశాఖపట్టణము జిల్లానుండి వేఱుపడిన భూభాగముతో కోరాపుటు జిల్లా ఏర్పడెను. 1992లో దానినుండి రాయగడ వేఱు జిల్లా అయ్యెను. గీతలు మాఱినవి గాని, గీతకు ఈ వైపున తెలుగు మాటలాడు ఇండ్లు నిలిచియున్నవి. ఒరియా మనకు రాష్ట్రభాష, ఇరుగుపొరుగువారి భాష. దానిని గౌరవముతో నేర్చుకొనుచున్నాము, నేర్చుకొనవలెను. అయితే తెలుగు చదువువారు కొలదిమందియే యగుటచే, తెలుగు పుస్తకమునకు ఈ సీమలో నొక విశేష మేర్పడినది. రాజమహేంద్రవరములోనో, విశాఖపట్టణములోనో ఒక తెలుగు పాఠ్యపుస్తకము చిరిగినచో మఱునాడు అంగడిలో మఱియొకటి దొరకును. ఇచ్చట దొరకదు. ఒక నిఘంటువు పోయినచో ఒక వీధి యంతయు దానిని కోల్పోయినట్లే.

అట్టి పుస్తకములు ఏటేట వేసవిలో తూకమునకు పోవుచున్నవి. పరీక్షలు ముగియగానే పాతకాగితముల వర్తకుడు వీధిలోనికి వచ్చి కేక వేయును. అతనియందు దోషము లేదు. అతడు చేయునది మేలైన వృత్తి, అతడు లేనిచో గ్రుడ్ల అట్ట లేదు. దోషము ఇచ్చువారిది. దినపత్రిక, పాత లెక్కల కాగితము, చిరిగిన సంచి, వానితోపాటు పై తరగతి తెలుగు వాచకము, తాతగారి నాటి శతకములు, వ్యాకరణము - అన్నియు ఒకే త్రాసులో పడును. త్రాసునకు అక్షరము తెలియదు. కిలోకు ఇంతయని తూచును. ఆ పుస్తకము ఒక మెత్తగానో, పొట్లముగానో, గుజ్జుగానో మాఱును. చదువుట, వ్రాయుట, కాచుట, కరగుట అను వరుసలో మొదటి మెట్టు ఇంకను పూర్తికాని కాగితము నాలుగవ మెట్టునకు దుమికినట్లయినది. క్రొత్త కాగితమును నలుపు యంత్రమున నేను చూపిన దోషమే ఇంటిలోను జరుగుచున్నది. కాని యంత్రము నలిపినది తెల్లకాగితము, మనము నలిపినది వ్రాసిన కాగితము.

ప్రతి పాత పుస్తకమును దాచవలెననుట నా వాదము గాదు. ఇండ్లలో చోటు లేదు. చెదలును, చెమ్మయు ఉన్నవి. చెదలు తిన్న పుస్తకమును దాచుట కంటె గుజ్జునకు పంపుటయే మేలు. తూచుటకు ముందు ఒక్కసారి విప్పి చూచుట, చదువదగిన దానిని చదువువారికి చేర్చుట - ఇంతియే నేను కోరునది.

ఇక పుస్తకముల రాకను గూర్చి ఒక మాట. పొరుగు రాష్ట్రమునుండి కట్టలుగా వచ్చు పుస్తకములు మూలలు చితికి, పైయట్టలు ఊడి, అడుగున నున్నవి తడిసి వచ్చుట మనలో పలువురు చూచినదే. పుస్తకము గాజు గాదు, పగులదు అని కట్టువారి ధైర్యము. కాని పుస్తకమునకు మర్మస్థానము మూల. పది కిలోల కట్ట మూలపై పడినచో, ఆ దెబ్బ యంతయు గోరంత చోటునకు తగులును. పెట్టె నాలుగు మూలలందును నలిపిన కాగితము క్రుక్కి, అడుగున తేమ తగులకుండ ఒక పొర వేసినచో చాలును. పుస్తకముల నడుమ మెత్త అక్కఱలేదు. ఎచ్చట కావలెనో అచ్చట పెట్టి, ఎచ్చట అక్కఱలేదో అచ్చట మానుట - మెత్త పెట్టుటలోని విద్య యంతయు ఇదియే. దొరకని పుస్తకమును కాచు కాగితము వ్యర్థవ్యయము గాదు. ఈ యంత్రమునకు నేను మనస్ఫూర్తిగా జయము పలుకు సందర్భ మిది.

తల్లిదండ్రులకు ఇంకొక మాట. శాస్త్రవిషయములు, యంత్రవిషయములు తెలుగున చెప్ప శక్యముగాదనియు, కనుక పిల్లలను తెలుగు తరగతులనుండి మాన్పుట మేలనియు కొందఱు తలచుచున్నారు. పై వర్ణనను మరల చూడుడు. గరాటు, పళ్ళచక్రము, కుట్టు, కత్తి, చుట్ట, మడత, మెత్త, గుజ్జు, పోగు - ఇవన్నియు మన ఇండ్లలోని మాటలే. క్రాఫ్టు, ప్లాస్టిక్కు వంటి నాలుగు పరభాషా పదములు వచ్చినవి. రానిండు, తెలుగు వానిని ఏనాడో అక్కున చేర్చుకొన్నది. పళ్ళచక్రమనగానే దాని రూపము మనస్సున మెదలిన బాలుడు, పెద్ద తరగతులలో దానిని ఏ భాషలో చదివినను తడబడడు. అర్థముగాక వల్లించిన పేరు నలుగని కాగితమువంటిది. చూచుటకు చదునుగా నుండును, దెబ్బకు నిలువదు.

కావున మన పాఠశాల చేయదగిన పనులు మూడు సూచింతును.

మొదటిది: ఏటేట పరీక్షల తరువాత, తూకమునకు ముందు, ఒక దినము నిర్ణయించి, తెలుగు పుస్తకములను పాఠశాలకు తెప్పింపవలెను. పై తరగతుల విద్యార్థులు వానిని వేఱుచేసి, చదువదగిన వానిని క్రింది తరగతులకును, గ్రంథాలయమునకును ఈయవలెను. మిగిలినవి నిశ్చింతగా వర్తకునకు పోవచ్చును.

రెండవది: ఇండ్లకు వచ్చు పెట్టెలలోని గోధుమరంగు కాగితమును పాఱవేయక తేవలెను. దానిపై కొంచెము నీరు చిలుకరించి బరువు క్రింద ఉంచినచో, ముడతలు చాలవఱకు పోవును. పాఠశాలలు తెఱచు దినములలో పుస్తకముల అట్టలకై అంగడిలో కొను కాగితము అదియే గదా! నలుగురు పిల్లలున్న ఇంటికి అది కొంత ఆదా.

మూడవది: విజ్ఞాన ప్రదర్శనమున ఒక పోటీ పెట్టవలెను. ప్రతి జట్టునకు ఒక గ్రుడ్డు, ఒక చిన్న పెట్టె, పాత కాగితము. మేడమీదినుండి పడవేసినప్పుడు గ్రుడ్డు నిలువవలెను. అందఱి గ్రుడ్లును నిలిచినచో, ఎవరి మెత్త తక్కువ తూగునో వారికి బహుమానము. గ్రుడ్డు నిలుపుట సులభము. తక్కువ కాగితముతో నిలుపుటయే విద్య. ఆ పోటీలో గెలిచిన బాలుడు రేపొక గిడ్డంగిలో యంత్రము ముందు నిలిచినప్పుడు, మీట త్రొక్కుటకు ముందు పెట్టె వైపు ఒకసారి చూచును.

పూర్వము మామిడిగంపలోని గడ్డిని పండ్లు దింపిన పిదప పశువులకు వేసెడివారు. పండును కాచిన గడ్డి పాడియావునకు మేతయయ్యెడిది. యంత్రము లేని కాలమున మన పెద్దలు ఈ వరుసను నేర్చిరి. యంత్రము వచ్చినంతనే మనము దానిని మఱచుటకు కారణము కనబడదు. రానున్న వేసవిలో వర్తకుని కేక వినబడినప్పుడు, త్రాసు ఎత్తుటకు ముందు, తల్లిదండ్రులును విద్యార్థులును ఆ కట్ట ముడి ఒక్కసారి విప్పి చూతురుగాక.